నక్క చెప్పిన గాలి

ఉప్పుటేరు సముద్రంలో కలిసే చోట, చుట్టూ ఉప్పునీళ్లు, మధ్యలో కాకిదిబ్బ. ఒకప్పుడు కాపరులు మేకల్ని పడవలో తెచ్చి ఆ దిబ్బ మీద వదిలి, వర్షాలకు ముందు తిరిగి తోలుకుపోయేవారు. ఒక ఏడు తుపాను వచ్చింది గానీ కాపరులు రాలేదు. మేకలు దిబ్బ మీదే ఉండిపోయాయి. వాటితో పాటు ఉన్నమ్మ అనే ముసలి గొర్రె, వరదలో మొద్దు పట్టుకుని కొట్టుకొచ్చిన తోకన్న అనే కోతి కూడా మిగిలిపోయారు.

మందకు పెద్ద బొల్లిపోతు. నల్లటి ఒంటి మీద తెల్లటి మచ్చలు, రొమ్ము దాకా దిగిన గడ్డం. ఆయన మూతి పెట్టి చూడని గడ్డి ఇంకెవరూ ముట్టకూడదు. పిల్లలు ఆయన కన్నా ముందు నడిస్తే కొమ్ముతో పక్కకు నెట్టేవాడు. ఏదైనా తేల్చి చెప్పాలంటే ముందుకాలి గిట్టతో నేలను ఒక్క గుద్దు గుద్దేవాడు. అలా గుద్దిన మాటను మళ్లీ ఎవరూ ఎత్తకూడదు. ఆయన కూడా ఎత్తకూడదు.

దిబ్బకు దక్షిణాన బురదమేట ఉంది. దాని మీద నక్క కాపురం. ఆటు వేళ నీళ్లు తగ్గగానే ఈదుకుంటూ దిబ్బ దాకా వచ్చి, కొమ్ములకు అందనంత దూరంలో మోకాటి లోతు నీళ్లలో నిలబడి కబుర్లు చెప్పేది. "తూర్పుమొనలో లేతగడ్డి మొలిచింది, పాపం మీకు తెలిసినట్టు లేదు" అంది ఒకసారి. బొల్లిపోతు తమ్ముడు నమ్మి వెళ్లాడు. అక్కడ గడ్డి లేదు, ఊబి ఉంది. తమ్ముడి అరుపు చాలాసేపు వినపడింది. ఆఖరికి అదీ ఆగింది.

ఆ రోజే బొల్లిపోతు గిట్ట గుద్దాడు. "ఇకనుంచి నక్క ఏది చెబితే దానికి తిరగేసి చెయ్యాలి."

తిరగేసి చేశారు. నీళ్లు తగ్గుతాయని నక్క చెబితే మెరక ఎక్కారు. నీళ్లు పెరిగాయి, మంద బతికింది. ఉత్తరపు పొదల్లో పాములున్నాయని చెబితే అక్కడికే వెళ్లి మేశారు. పాములూ లేవు, ఏమీ లేవు, మంచి ఆకు దొరికింది. ఆ కట్టడి పెట్టాక నక్క నోటికి ఒక్క మేక కూడా చిక్కలేదు. బొల్లిపోతుకు అది ఎంత గర్వమంటే కడుపులో దాచుకోలేకపోయాడు. ఒకరోజు నక్క మొహం మీదే అనేశాడు.

"ఒరే, నువ్వు ఎడమంటే మేము కుడి. నీ నోరు మాకు భలే పనికొస్తోందిరా."

నక్క చెవులు నిక్కించి విన్నది. "ఓహో, అదా సంగతి" అని మెల్లగా తల ఊపి వెళ్లిపోయింది. ఆ తర్వాత చాలా కాలం రాలేదు. ఓడిపోయి మొహం చెల్లక రావట్లేదనుకున్నాడు బొల్లిపోతు.

ఆ ఎండాకాలం దిబ్బ మీద చెలమలో నీళ్లు ఉప్పెక్కాయి. ముందు పైన తెల్లటి పొర కట్టింది, తర్వాత నాలుక మండింది, ఆ తర్వాత తాగినవాళ్లకు తాగకముందు కన్నా ఎక్కువ దాహం పుట్టింది. బొల్లిపోతు కూతురు కర్రి అప్పుడే ఈనింది. దానికి కవల పిల్లలు. బుడ్డోడు, బుడ్డి. పొదుగు ఎండిపోయింది. పిల్లలు కుమ్మి కుమ్మి చూసి, పాలు రాక, అక్కడే ఇసకలో ముడుచుకుని పడుకునేవి.

"నాన్నా, వీళ్లు అరవడం మానేశారు" అంది కర్రి.

"అరవకపోతే మంచిదేగా. గొంతు ఆరదు."

"మంచిది కాదు. నీకు తెలుసు అది మంచిది కాదని."

బొల్లిపోతు పడమటి గట్టు వైపు చూశాడు. అక్కడ గేదెలు దొర్లే మంచినీళ్ల కుంట ఉంది. గాలి అటు తిరిగినప్పుడు బురద వాసన ఇక్కడి దాకా వచ్చేది. మధ్యలో ఏరు. మేకలు ఈదలేని వెడల్పు.

తుపాను ఒడ్డున పారేసిన సామాను ఇంకా అక్కడే పడి ఉంది. విరిగిన పడవ అడుగు ఒకటి, వెడల్పుగా, బరువుగా, అంచులు కాస్త పైకి లేచి. ఎవరి ఇంటిదో ఒక తలుపు. ఒక వెదురు గెడ. వలతాళ్లు. ఒకే ఒక్క నీలం పట్టా, కాపరులు వానకు కప్పుకునే రకం.

"పట్టా ఒకటే ఉంది" అన్నాడు బొల్లిపోతు. "పడవ అడుగున గెడ కోసం తొలిచిన గుంటలో దాన్ని నాటి, పట్టాను తెరచాప కట్టినట్టు కడదాం. తూర్పుగాలి మెల్లగా పడమటికి తోస్తుంది."

తోకన్న కిసుక్కున నవ్వాడు. "ఈ గాలికా తాతా? ఆ మొద్దు మీద కూర్చుంటే పిల్లలు ముసలివాళ్లయ్యాక చేరతారు. నా మాట విను. పట్టాకు పుల్లలు కట్టి గాలిపటం చేద్దాం. పైకి ఎగరేసి తాళ్లు నా చేతికివ్వు. తలుపు మీద కూర్చోండి. కింద గాలి లేకపోయినా పైన ఉంటుంది. తలుపు తేలిక, జర్రున లాక్కుపోతుంది. నేను పోయిన గాలికాలంలో చేశాను, చేపలు పక్కకు తప్పుకున్నాయి."

"పోయిన గాలికాలంలో గాలి ఉంది. ఇప్పుడు నా గడ్డం చూడు. వెంట్రుకలు కదలాలా వద్దా అని ఆలోచిస్తున్నాయి."

"అంతే మరి" అంది ఉన్నమ్మ. ఎవరు ఆఖరున మాట్లాడితే వాళ్లతో "అంతే మరి" అనడం ఆవిడ అలవాటు.

"రేపు పొద్దున గెడ నాటండి" అన్నాడు బొల్లిపోతు. గిట్ట మాత్రం గుద్దలేదు. పొద్దున గాలి చూసుకుని గుద్దుదామనుకున్నాడు.

తెల్లారాక తోకన్న సణుక్కుంటూ గెడను పడవ అడుగు గుంటలో దించాడు. పట్టా విప్పి తాడు వేస్తుండగా నీళ్లలో అలికిడైంది. నక్క. ఎన్నాళ్లకో వచ్చింది. ఒళ్లు తడిసి పక్కటెముకలు కనపడుతున్నాయి. మోకాటి లోతులో నిలబడి దణ్ణం పెట్టినట్టు తల వంచింది.

"పెద్దాయన గారు బాగున్నారా? గడ్డం నెరిసింది."

"నీ ఎముకలు కూడా బయటపడ్డాయి. తిండి లేదా?"

"లేదండీ. మీ పుణ్యమే." నక్క గెడ వైపు చూసింది. "ఏరు దాటుతున్నారా? మంచి పని. గెడకు కడుతున్నారు, అది ఇంకా మంచి పని. కోతి పోయిన గాలికాలంలో ఎగరేసిందే, ఆ గాలిపటం జోలికి మాత్రం పోకండి."

మంద అంతా ఆగిపోయింది. బొల్లిపోతు చెవులు వెనక్కి వెళ్లాయి.

"ఎందుకో?"

"గాలి పల్చగా ఉంది గనక. గాలిపటం లేవడం లేస్తుంది, కాదనను. పైన కాస్త ఊపు ఉంటుంది, లాగుతుంది కూడా. కానీ ఈ రోజుల్లో ఎండ నడినెత్తికి వచ్చేముందు గాలి ఒకసారి ఊపిరి బిగబడుతుంది. అప్పుడు పటం నీళ్లలో పడుతుంది. తడిసిన పట్టాను లేపడానికి గాలివాన కావాలి, ఈ గాలి చాలదు. అదే గెడకు కట్టిన చాపనుకోండి, గాలి ఆగినా నిలబడే ఉంటుంది. మళ్లీ చిన్న గాలి వచ్చినా చాలు, కదులుతుంది. అదీ రాకపోతే గెడ పీకి ఏటి అడుగుకు గుచ్చి ఆగొచ్చు, తోసుకోనూ వచ్చు. ఆలస్యమవుతుంది. చేరతారు."

 నక్క అంటున్నది అక్షరం పొల్లు పోకుండా బొల్లిపోతు మాటే. రాత్రంతా తాను అనుకున్నదే. అది ఆ నోట్లోంచి వస్తుంటే, తన గడ్డిని ఎవరో నమిలి తన ముందే ఉమ్మినట్టనిపించింది.

"నీకెందుకురా ఇంత ప్రేమ?"

"ప్రేమేం లేదండీ. మీరు ఇక్కడ ఎండి చస్తే తోలు మిగులుతుంది నాకు. అవతల బలిస్తే ఎప్పటికైనా ఒకటి దొరక్కపోతుందా అని ఆశ. చెప్పాల్సింది చెప్పాను. నలుగురి ముందు చెప్పాను. తర్వాత మీ ఇష్టం."

నక్క వెనక్కి తిరిగి ఈదుకుంటూ వెళ్లిపోయింది. ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు.

"గెడ పీకండి" అన్నాడు బొల్లిపోతు.

కర్రి పిల్లల దగ్గరి నుంచి లేచి వచ్చింది. "నాన్నా, ఏమంటున్నావు?"

"గెడ పీకండి. గాలిపటం కట్టండి."

"నిన్న నువ్వు చెప్పిందేగా అది చెప్పింది."

"నిన్న అది నా మాట. ఇవాళ నక్క మాట అయింది."

"మాట ఎవరిదైతే ఏం? గాలి అదే కదా. నీ గడ్డం నువ్వే చూసుకో."

"మీ బాబాయి కూడా ఇలాగే నమ్మాడు" అన్నాడు.  "వాడి అరుపు నువ్వు వినలేదు, నువ్వప్పటికి పుట్టలేదు. నేను విన్నాను. ఇన్నాళ్లూ మిమ్మల్నందరినీ బతికించింది ఏది? ఆ కట్టడి. ఒక్కసారి కూడా తప్పలేదు."

"ఈసారి తప్పితే?"

"నక్క మాట విని బతకడం కన్నా..." అని ఆగాడు.  తోకన్న అప్పటికే గెడ పీకేసి సంబరంగా పుల్లలు కడుతున్నాడు. "నక్కకు గాలిపటమంటే భయం తాతా. మనం ఎగిరిపోతామని దాని ఏడుపు."

"అంతే మరి" అంది ఉన్నమ్మ.

కర్రి తండ్రి గిట్ట వైపే చూస్తోంది. గుద్దొద్దు అన్నట్టు చూస్తోంది. బొల్లిపోతు ఆ చూపు చూశాడు. చూసి, గుద్దాడు.

తలుపు ఇరుకు. అందుకని మొదటి విడతలో కర్రి, పిల్లలు, ఉన్నమ్మ, తాళ్లు పట్టుకునే తోకన్న, బొల్లిపోతు. మిగిలిన మంద దిబ్బ మీదే ఉండాలి. కర్రి వెదురు గెడను కూడా పెట్టమంది.

"బరువు" అన్నాడు తోకన్న. "ఎగిరేవాడికి ఊతకర్ర ఎందుకక్కా?"

తోకన్న దిబ్బ మెరక మీదికెక్కి పటం వదిలాడు. లేచింది. నిజంగానే లేచింది. నీలంగా, ఎత్తుగా, కింద ఆకు కదలకపోయినా పైన అది బిగుసుకుని నిలబడింది. తాళ్లు పట్టుకుని ఒడ్డుకు దిగి తలుపు మీద చతికిలబడ్డాడు. తలుపు ఒక్క ఊపున ఒడ్డు వదిలింది. దిబ్బ మీద మంద అరిచింది. బుడ్డోడు రెండు రోజుల తర్వాత మొదటిసారి తల ఎత్తి చూశాడు.

"ఏం తాతా, ముసలివాళ్లమయ్యామా?" అని అరిచాడు తోకన్న.

బొల్లిపోతు రొమ్ము విరుచుకున్నాడు. నీళ్లు తలుపు అంచు కింద చీలిపోతున్నాయి. పడమటి గట్టు మీద గేదె ఒకటి కనపడింది, దాని కొమ్ములు కూడా కనపడ్డాయి. "చూశావా?" అన్నాడు కూతురితో.

కర్రి ఆకాశం వైపు చూస్తోంది. "తాడు వదులైంది" అంది.

తాడు మళ్లీ బిగిసింది. మళ్లీ వదులైంది. ఎండ నెత్తి మీదికొస్తోంది. పైన పట్టా ఒకసారి మధ్యకు ముడుచుకుంది. ఏ తొందరా లేకుండా, ఎవరో పక్క పరిచినట్టు, మెల్లగా దిగివచ్చి నీళ్ల మీద పరుచుకుంది.

 తలుపు కాసేపు ముందుకు జారి ఆగింది.

తోకన్న తాళ్లు లాగాడు. ఇటు లాగాడు, అటు లాగాడు. పట్టా అంచు కాస్త లేచి, నీళ్లు కార్చి, మళ్లీ చప్పుడు చేస్తూ పడింది. "గాలి రానీ, గాలి రానీ" అని గొణుక్కున్నాడు.

గాలి వచ్చింది. అదే అన్నిటికన్నా ఘోరం. కాసేపటికి మళ్లీ మొదలైంది, పొద్దుటి గాలే, అదే పల్చటి తూర్పుగాలి. బొల్లిపోతు గడ్డం మీద దాన్ని వెంట్రుక వెంట్రుకా పోల్చుకున్నాడు. గెడకు కట్టిన చాపయితే ఇప్పుడు నిండేది. పడవ అడుగు బరువుగా, బద్ధకంగా, కదిలేది. తడిసిన పట్టాను లేపడానికి మాత్రం అది చాలదు. ఆ గాలి వాళ్ల ఒళ్లు నిమిరి పడమటికి వెళ్లిపోయింది, వాళ్లను వదిలేసి.

"గెడ ఉంటే అడుగుకు గుచ్చేవాళ్లం" అంది కర్రి. ఎవరినీ చూడకుండా అంది.

అప్పటికి ఆటు పట్టు మీదుంది. నీళ్లు దక్షిణానికి లాగుతున్నాయి. తలుపు పక్కకు తిరిగి, పట్టాను ఈడ్చుకుంటూ, నీళ్లు ఎటు తీసుకుపోతే అటు పోయింది. తోకన్నకు అందరికన్నా ముందు అర్థమైంది ఎటు పోతున్నామో. తాళ్లు వదిలేసి నీళ్లలో దూకి, ఈదుకుంటూ పోయి ఉప్పునీళ్లలో నిలిచిన ఒక మడచెట్టు పట్టుకున్నాడు. పట్టా కూడా కొట్టుకుపోయి ఆ చెట్టు వేళ్లకే చిక్కుకుంది.

"దూకేశాడేం?" అంది ఉన్నమ్మ. ఎవరూ బదులు చెప్పకపోయేసరికి "అంతే మరి" అంది.

తలుపు బురదమేటకు తగిలి ఒక పక్కకు ఒరిగింది. మేట మీద నక్క కూర్చుని ఉంది. పక్కన దాని ఆడది, వెనక ఎదిగిన పిల్లలు. పరిగెత్తి రాలేదు. వాటికి తొందర లేదు.

పడవ అడుగయితే అంచులుండేవి. తలుపుకు అంచుల్లేవు. ఒరిగిన తలుపు మీద నుంచి ఉన్నమ్మ జారింది, దాని ఉన్ని నీళ్లు పీల్చి బరువెక్కి ఉంది. బుడ్డోడు దాని వెనకే జారాడు. కర్రి బుడ్డి మెడను పళ్లతో పట్టుకుని తలుపు పై అంచుకు ఎక్కింది.

బొల్లిపోతు దూకాడు. కొమ్ములు దించి, ఒక్క ఉరుకులో నక్కను కుమ్మేద్దామని దూకాడు. పొట్ట దాకా దిగబడ్డాడు. కాళ్లు తీస్తే ఇంకా దిగబడ్డాడు. తేలిక ఒంటి నక్కలు బురద పైన నడుచుకుంటూ వచ్చాయి.

ఉన్నమ్మ అరవలేదు. బుడ్డోడు మాత్రం తాతను పిలిచాడు. రెండుసార్లు పిలిచాడు. బొల్లిపోతుకూ వాడికీ మధ్య దూరం మేక పొడవంత కూడా లేదు. గడ్డం చాచినా అందలేదు.

అంతా అయ్యాక నక్క వచ్చి ఆయన ఎదురుగా కూర్చుని మూతి నాక్కుంది.

"మోసం చేశావురా" అన్నాడు బొల్లిపోతు.

"నేనా? ఒక్క ముక్క అబద్ధం చెప్పానా పెద్దాయనా? గాలి ఆగుతుందన్నాను, ఆగింది. పటం పడుతుందన్నాను, పడింది. మళ్లీ లేవదన్నాను."

"నిజం చెబితే నేను వినననే చెప్పావు."

"అది మీరు నేర్పిన విద్యేగా. మీ నోటితోనే చెప్పారు, ఆ రోజు, నా మొహం మీద." నక్క లేచింది. "ఎన్ని అబద్ధాలు ఆడాను మీకు. నోరు నొప్పి పుట్టేది. నిజం ఇంత సులువని తెలిస్తే ఎప్పుడో చెప్పేవాణ్ణి."

"నన్ను కూడా తినేసెయ్."

"ముసలి మాంసం. పైగా మందకు పెద్ద మీరే ఉండాలండీ. ఇంకొకరొస్తే నాకు మళ్లీ కష్టం."

సాయంత్రం పోటు వచ్చి నీళ్లు నిండాయి. బురద వదులై బొల్లిపోతు పైకి తేలాడు. తలుపు మీద కర్రి ఇంకా బుడ్డి మెడ వదల్లేదు. పోటు వాళ్లను వెనక్కి, దిబ్బ వైపు తోసింది. మడచెట్టు పక్కగా పోతుంటే కర్రి ఒక్క మాటే అంది. "తోకన్నా, పట్టా పట్టుకురా." తోకన్న కిక్కురుమనకుండా దిగి, పట్టా ఈడ్చుకుంటూ తలుపు పట్టుకుని ఈదుకుంటూ వచ్చాడు.

మర్నాడు పొద్దున కూడా అదే గాలి. అంతకన్నా ఎక్కువేం లేదు. కర్రి పడవ అడుగు దగ్గర నిలబడి గెడ నాటించింది, పట్టా కట్టించింది, మందనంతా దాని మీదికి ఎక్కించింది. ఎవరినీ అడగలేదు. ఎవరూ తండ్రి వైపు చూడలేదు. ఎండ నెత్తికెక్కే వేళ గాలి ఆగింది. చాప వేలాడింది. గెడ పీకి ఏటి అడుగుకు గుచ్చి, అందరూ కదలకుండా కూర్చున్నారు. గాలి మళ్లీ వచ్చింది. గెడ మళ్లీ నాటారు, చాప నిండింది. మెల్లగా, చాలా మెల్లగా వెళ్లి, పొద్దువాలే వేళకు పడమటి గట్టు తాకారు.

దారిలో ఒకచోట నక్క నీళ్ల అంచున నిలబడి చూసింది. "గాలి బాగుందా అమ్మాయ్?" అని పలకరించింది.

"బాగుంది. నువ్వు చెప్పినట్టే ఉంది" అంది కర్రి. అంత మామూలుగా అనేసరికి నక్క తోక ముడుచుకుని మేట మీదికి పోయింది.

గట్టు మీద అందరూ కుంటకు పరిగెత్తారు. బుడ్డి మోకాళ్ల మీద పడి తాగింది. బొల్లిపోతు ఒడ్డునే ఆగిపోయాడు. కర్రి తాగడం ముగించి, మూతి నుంచి నీళ్లు కారుతుండగా తండ్రి దగ్గరికి వచ్చింది.

"తాగు" అంది.

"నాకు దాహం లేదమ్మా."

"ఉంది. తాగు. నువ్వు తాగకపోయినంత మాత్రాన బుడ్డోడు తిరిగి రాడు."

ఆయన తల వంచి తాగాడు. నీళ్లు తియ్యగా ఉన్నాయి. నిన్న పొద్దున గెడ పీకకుండా బయల్దేరి ఉంటే నిన్న కూడా ఇంతే తియ్యగా ఉండేవి.

నీతి: చెప్పినవాడి మొహం చూసి మాట పారేసేవాడికి శత్రువు నిజం చెబితే చాలు, ఇక అబద్ధంతో పనే ఉండదు.